విజ్ఞానవీథి: హంస చేయు పని

పాలును నీరును కలిపియుంచినచో హంస పాలను మాత్రమే గ్రహించునని పెద్దలు చెప్పుదురు. కృష్ణవేణి సముద్రమును జేరు హంసలదీవి పేరు వినినంతనే యా మాట జ్ఞప్తికి వచ్చును. అట్టి పనినే చేయు గణితమొకటి గలదు. వైద్యశాలలలో తీయు ఎం.ఆర్.ఐ. చిత్రమునకు అదియే ఆధారము.

హంసలదీవి యొడ్డుననే దీనికి దృష్టాంతము గలదు. సముద్రపుపోటు చూచుటకు ఒక్కటియే గాని, అందు పెక్కు పోటులు కలిసియున్నవి. చంద్రునివలని ముఖ్యమైన పోటు 12 గంటల 25 నిమిషములకొకమాఱును, సూర్యునివలనిది 12 గంటలకొకమాఱును వచ్చును. పున్నమకును అమావాస్యకును రెండును గూడి పోటు హెచ్చును, అష్టమినాళ్లలో తగ్గును. నీటిమట్టముల పట్టికనుండి యీ పోటులను వేర్వేఱుగా తీయు పద్ధతిని 1867 మొదలుకొని విలియం థామ్సన్ వృద్ధిచేసెను.

దీనికి మూలపురుషుడు ఫ్రాన్సు దేశీయుడగు జోసెఫ్ ఫూరియే. చిక్కులుగా గన్పట్టు మార్పులను సరళమైన అలల కలయికగా చూపవచ్చునని 1822లో ప్రకటించిన ఉష్ణశాస్త్ర గ్రంథమున ఆయన వివరించెను. కలిసిన అలలను విడదీయు లెక్కకు ఫూరియే పరివర్తనమని పేరు.

మన శరీరమున నీరు మిక్కుటము. ఎం.ఆర్.ఐ. యంత్రమున రేడియో తరంగములు తగిలినపుడు నీటిలోని హైడ్రోజను కేంద్రకములు బదులుపలుకును. అయస్కాంతబలమును చోటుచోటునకు మార్చుటచే ఒక్కొక్క చోటినుండి ఒక్కొక్క శ్రుతి వచ్చును. కలగలిసిన శ్రుతులను పరివర్తనము విడదీయగా, ఏ చోట నేమున్నదో చిత్రమగును. రసాయన ద్రవ్యములను గుర్తించు అయస్కాంత వర్ణపట పరీక్షయందును ఈ లెక్కను ప్రవేశపెట్టి వృద్ధిచేసిన రిచర్డ్ ఎర్న్‌స్టునకు 1991లో నోబెల్ బహుమానము లభించెను.

ఈ పరీక్షలో ఎక్స్‌రే కిరణములుండవు. యంత్రము పెద్దగా మ్రోగినను భయపడనక్కఱలేదు. కాని అయస్కాంతము మిగుల బలమైనది. మంగళసూత్రమునకు తగిలించుకొను పిన్నీసులును, జడపిన్నులును ఇనుపవైనచో విసురుగా లాగబడి గాయపఱచును. బంగారము ఇనుమువలె లాగబడకున్నను వేడెక్కవచ్చును, చిత్రమును చెఱుపవచ్చును. కావున సూత్రము తీయుట అశుభమని జంకి దాచికొనుట తగదు. దానిని ఇంటివారికిచ్చి, పసుపుకొమ్ము కట్టిన నూలుతాడు ధరించిన చాలును. గుండెకు యంత్రమమర్చియున్నను, ఒంట లోహపుముక్కలున్నను, గర్భవతులైనను ముందుగానే చెప్పవలయును. పరీక్ష ముగియువఱకు కదలక పండుకొనుడు. కదలినచో చిత్రము మసకబాఱును.