మా అబ్బాయి కారు టైర్లు

జీవితమంతా ఛందస్సు చెప్పుకొని బ్రతికిన తెలుగు పండితుడికి టైర్ల గొడవ ఎందుకని మిత్రులు నవ్వవచ్చును. నవ్వండి. గణవిభజన చేయించిన అలవాటు ఊరకే పోదు. మొన్న మా అబ్బాయి కారు ప్రక్కన చతికిలబడి టైరు గోడ మీది వ్రాత చదివాను: 205/55 ఆర్16 91వి. ఇదీ ఒక లక్షణవాక్యమే! 205 మిల్లీమీటర్ల వెడల్పు. అందులో నూటికి 55 వంతుల ఎత్తు గల ప్రక్కగోడ. ఆర్ అనగా రేడియల్. 16 అంగుళాల రిమ్ము. 91 అనగా 615 కిలోల బరువు మోయగలదని, వి అనగా గంటకు 240 కిలోమీటర్ల వేగానికి తాళగలదని. బాలానగర్ చౌరస్తాలో 240! లారీల నడుమ 24 దొరికితే ఆ రోజు పండుగ.

కారు వర్టస్ జీటీ. 2022లో అది మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఏడే కొన్నాడు. 150 గుర్రాల బలం. అబ్బాయికి దాని మీద ఉన్న మమకారం నాకు పుస్తకాల మీద ఉన్నదానికి తక్కువేమీ కాదు, అందుచేత పరిహసించను.

గత శ్రావణంలో ఒక సాయంకాలం జల్లు పడుతుండగా బాలానగర్ పైవంతెన దిగుతున్నాము. వెనుక కోడలు, మనుమరాలు. ముందరి ఆటో ఆగింది. అబ్బాయి బ్రేకు నొక్కాడు. కారు గుర్రుమంటూ జారింది, జారింది, ఆటోకు జానెడు దూరంలో నిలిచింది. ఆటోలో వెనక్కు తిరిగి కూర్చున్న బడిపిల్లవాడొకడు మమ్మల్నే చూస్తున్నాడు. ఆ చూపు నన్ను చాలా రాత్రులు నిద్రపోనీయలేదు.

మరునాడు చూస్తే టైర్లు దాదాపు గుండైపోయాయి. గాడుల అడుగున చిన్న కట్టల వంటివి ఉంటాయి. పైభాగం అరిగి వాటితో సమానమైతే మిగిలిన లోతు 1.6 మిల్లీమీటర్లే. చట్టం అంతవరకు ఊరుకుంటుంది. వాన ఊరుకోదు. గాడి ఉన్నది నీటిని ప్రక్కకు నెట్టడానికి. గాడి లేనప్పుడు టైరు నీటి మీద తేలుతుంది. ఒక్కొక్క టైరు నేలను తాకేది ఇంచుమించు మన అరచేతంత మేర. నాలుగు అరచేతుల మీద నా ఇల్లంతా కూర్చొని ఉన్నది.

అంగడిలో కథ వేరు. "17 అంగుళాల అల్లాయిలు, వెడల్పు టైర్లు వేయించండి సార్, లుక్కే మారిపోతుంది" అన్నాడు అమ్మేవాడు. అబ్బాయి కన్నులు మెరిశాయి. నేను కాగితం తీసి లెక్క వేశాను. ఇప్పటి చక్రం వ్యాసం 631.9 మిల్లీమీటర్లు, అతడు చెప్పిన 215/45 ఆర్17 వేస్తే 625.3. తేడా నూటికి ఒకటి. అది పెద్ద దోషం కాదు. దోషం ప్రక్కగోడలో ఉన్నది: 113 మిల్లీమీటర్ల గోడ 97కు దిగుతుంది. మన గోతులలో పడ్డప్పుడు రిమ్ముకు అడ్డుపడేది ఆ గోడే. పైగా వెడల్పు పెరిగే కొద్దీ నీటి మీద తేలడమూ సులువవుతుంది. ఇక మా పేటలో లేత్ షెడ్ల ముందు రాలే ఇనుప తురుము సంగతి చెప్పనక్కరలేదు. గోడకు గుచ్చుకుంటే అతుకు పనికిరాదు, టైరే మార్చాలి.

"నాన్నగారూ, గోడ పొట్టిదైతే స్టీరింగు మాట వింటుంది" అన్నాడు అబ్బాయి. నిజమే, ఒప్పుకున్నాను. అవుటర్ రింగు రోడ్డు మీద అది సుఖమే. అక్కడ కార్లకు 2023 నుండి 120 వరకు అనుమతి ఉన్నది. కాని వాడు నెలకు రెండుసార్లు అవుటర్ ఎక్కితే, రోజూ కైతలాపూర్ వంతెన మీదుగా హైటెక్ సిటీకి పోతాడు. నిత్యం నడిచే దారికి తగిన చెప్పులు కొనాలి గాని, పెళ్ళి ఊరేగింపుకు తగినవి కాదు.

కంపెనీ పేరు చూసి కొనడం కూడా నాకు నచ్చదు. ఒకే కంపెనీ లక్ష కిలోమీటర్లు మన్నే గట్టి రబ్బరూ చేస్తుంది, తడిలో పట్టు నిలిపే మెత్తని రబ్బరూ చేస్తుంది. సాధారణంగా ఎక్కువ మన్నేది తడిలో ఎక్కువ దూరం జారుతుంది. రెండవదే అడిగాను. రెండేళ్ళు ముందుగా అరిగితే అరగనీ.

కొత్తదని చూపిన ఒక టైరు మీద కడపటి నాలుగంకెలు చదివి తిప్పి పంపాను. 1824 అని ఉంటే 2024లో 18వ వారం పుట్టినదని అర్థం. గిడ్డంగిలో ముసలిదైనదానికి కొత్త ధర ఎందుకు?

టైరుకు "చక్రకవచం" అని తెలుగు మాట ఒకటి కల్పించి అక్కడే వాడి చూశాను. "ఏం కవచం సార్?" అన్నాడు కుర్రవాడు. టైరు టైరే, వదిలేశాను.

"ముందు రెండే మార్చుదాం, ఇంజను లాగేది వాటితోనే కదా" అన్నాడు మేస్త్రీ. రెండే మార్చితే కొత్తవి వెనుకకు పోవాలి. తడిలో వెనుక చక్రాలు పట్టు తప్పితే కారు బొంగరమవుతుంది. ఈ మాట నమ్మించడానికి నాకు పావుగంట పట్టింది. చివరకు నాలుగూ మార్పించాము, పాత కొలతలోనే. అబ్బాయి ఆ పూట ముభావంగా ఉన్నాడు.

మొన్న మళ్ళీ వాన. అదే వంతెన దిగాము. ముందర లారీ. అబ్బాయి ఏమీ అనలేదు గాని, ఎప్పుడూ లేనంత ఎడం ఉంచి నడిపాడు.