మన గ్రంథాలయము - మారుచున్న కాలము

గ్రంథాలయమనిన పుస్తకముల బీరువా యనియు, గ్రంథపాలకుడనిన దాని తాళపుచెవిని భద్రపరచువాడనియు మనలో ననేకుల యభిప్రాయము. ఒకప్పుడు గొప్ప విద్యాపీఠములందు సైతము ఇట్లేయుండెను. పుస్తకమునకు చెదపురుగును విద్యార్థియు సమానశత్రువులని తలచిన దినము లవి. ఇప్పుడు మన పాఠశాలలో మరియొక మాట వినవచ్చుచున్నది. లోకమంతయు సెల్‌ఫోనులోనికి వచ్చినది గదా, ఈ బీరువాలను తొలగించి యా గదిని కంప్యూటరులకు ఇచ్చిన నేమి యని. తలిదండ్రులలో కొందరును, ఉపాధ్యాయులలో కొందరును ఈ పక్షమువారే. వారి యుద్దేశము మంచిదే యైనను, మేము దానితో పూర్ణముగ నేకీభవింపజాలకున్నాము.

గ్రంథాలయము కాలానుగుణముగ మారవలెననుటలో మాకు సందేహము లేదు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులుగ నియమితులైన రంగనాథన్‌గారు అంతకు ముందు గణితోపాధ్యాయులు. వారు ఇంగ్లండు వెళ్లి యచ్చటి గ్రంథాలయములను పరిశీలించి వచ్చి, చదువరులను పుస్తకముల యరలవద్దకే పోనిచ్చు పద్ధతిని నెలకొల్పిరి. దీనికి ధనముకంటె ధైర్యమే యెక్కువగ కావలసియుండెను. 1931లో ప్రకటించిన తమ యైదు సూత్రములలో కడపటిదానియందు వారు గ్రంథాలయమును పెరుగుచుండు ప్రాణిగా భావించిరి. పెరుగు ప్రాణి పాత చర్మమును విడుచును గాని యెముకలను విడువదు.

ఏది చర్మము, ఏది యెముక? పాత యట్లాసునే దృష్టాంతముగ గైకొందము. దానిలో రెడ్డిగూడెమును నూజివీడును ఒకే కృష్ణాజిల్లాలో నుండును. 2022 ఏప్రిలులో జిల్లాలను పునర్విభజించినప్పుడు రెడ్డిగూడెము ఎన్‌.టి.ఆర్‌. జిల్లాలోనికిని, నూజివీడు ఏలూరు జిల్లాలోనికిని పోయినవి. కావున భూగోళపాఠమునకు ఆ పటము పనికిరాదు, క్రొత్తది కొనవలసినదే. అయినను పాతదానిని చిత్తుకాగితములవానికి వేయరాదు. మన తాతలు ఏ కచేరికి పన్ను చెల్లించిరో తెలిసికొనగోరు బాలునకు అదియే యాధారము. పది సంవత్సరములనాటి ప్రశ్నోత్తరముల గైడులనందుమా, వానిని నిశ్చింతగ తొలగింపవచ్చును. అవి పుట్టినప్పుడును వానివలన గొప్ప లాభము లేదు.

ఇక యంత్రముల మాట. మన మామిడితోటల నడుమనే, నూజివీడునందు, 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు శాఖ వెలసెను. పదవ తరగతి ముగిసిన పల్లెటూరి పిల్లలను చేర్చుకొని, ఒక్కొక్కరికి ఒక లాప్‌టాపు నిచ్చి పాఠములు నడపిరి. దాని పాలకమండలికి అధ్యక్షులుగ నుండిన రాజ్‌రెడ్డిగారు 1937లో చిత్తూరు జిల్లా కాటూరున జనించినవారు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునుండి పదిలక్షల పుస్తకముల ప్రతిబింబములను తీయించి, యెల్లవారికిని ఉచితముగ నందింప పూనుకొనినవారిలో వారు ముఖ్యులు. ఆ పనిలో భాగముగ మనదేశమున డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా యేర్పడి, దుర్లభములైన తెలుగు గ్రంథములెన్నో అంతర్జాలమున కెక్కెను. పూర్వము మద్రాసుకో వేటపాలెము సారస్వత నికేతనమునకో పోయినగాని కంటబడని పుస్తకము రెడ్డిగూడెములోని విద్యార్థికి అరచేతిలోనికి వచ్చెను. ఇది సామాన్యమైన మేలు కాదు.

కాని తరువాతి కథయు వినదగినది. కొంతకాలమునకు ఆ డిజిటల్ లైబ్రరీ స్థానము మూతపడెను. కొందరు స్వచ్ఛందముగ శ్రమించి వేలకొలది ప్రతులను ఇంటర్నెట్ ఆర్కైవ్ అను వేరొక చోట నిలిపియుండుటచే అవి దక్కినవి. చెద పుస్తకమును ఆకు వెంబడి ఆకుగా తినును. ఇచ్చటనో, ఒక్క దినమున తలుపు మూసిన యెడల అలమారయంతయు నదృశ్యమగును! కావున యంత్రము వలదని మేమనము. గదిలో రెండు కంప్యూటరులుంచి, ఖరగ్‌పూరు ఐ.ఐ.టి. వారు నడపు జాతీయ డిజిటల్ గ్రంథాలయమున వెదకు విధమును పిల్లలకు నేర్పవలెను. కాని బీరువా యుండవలెను. ముఖ్యముగ మరెచ్చటను దొరకనివి - ఈ పత్రిక పాతసంచికలు, నూజివీడు మామిడి పరిశోధన స్థానమువంటి చోట్ల రైతులకు పంచు కరపత్రములు - మనము సేకరింపనిచో ఏ విశ్వవిద్యాలయమును మనకొరకు సేకరింపదు.

ఇంతకును, మా దృష్టిలో మార్పు మొట్టమొదట కావలసినది వేళల విషయమున. సంవత్సరమంతయు పాఠములతో తీరికలేని పిల్లలకు వేసవిలో తీరిక చిక్కును. సరిగా నప్పుడే గ్రంథాలయమునకు తాళము పడును. రసాలు కోతకు వచ్చు నెలలలో పగలు తోటలలో కాయలేరుచు, గంపలకు గడ్డి పరచుచు తలిదండ్రులకు సాయపడు పిల్లలు సాయంకాలము ఖాళీగనే యుందురు. అప్పుడు వారిచేతికి సెల్‌ఫోను వచ్చుచున్నదని తల్లులు విచారించుచున్నారు. వేరొకటి యిచ్చితిమా?

1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లిపర - పెదవడ్లపూడి కాలువపై పడవలో పుస్తకములనుంచి చదువరులయొద్దకు పంపిరి. 1931లోనే మన్నార్గుడి ప్రాంతమున ఎడ్లబండి గ్రంథాలయము తిరిగెను. మనకు పడవ నడచు కాలువ లేదు, ఎడ్లబండియు నక్కరలేదు. ఏప్రిలు, మే మాసములలో వారమునకు మూడు దినములు సాయంకాలము అయిదు మొదలు ఏడుగంటల వరకు ఆ గది తెరచియుంచిన చాలును. తోటలలో కాపురముండువారికి నలువది పుస్తకములు పట్టు రేకుపెట్టె నొకదానిని సైకిలుపై పంపవచ్చును. పుస్తకములు పోవునందురా, కొన్ని పోవును. కొన్నిటికి మామిడిసొన మరకలును పడును. పై తరగతుల విద్యార్థు లిద్దరు రిజిష్టరు వ్రాయుటకు సిద్ధముగనున్నారు. వలసినది తాళపుచెవి; దానిని వేసవి సెలవులకు ముందే యిప్పింపుడని పాఠశాలాధికారులను కోరుచున్నాము.