గీత మార్చాక తీరిన తగవు

ఢిల్లీలో కూర్చుని బొంబాయి వంతెన గురించి వ్రాయడమేమిటని పాఠకులు అడగవచ్చు. రైలు పట్టాల మీద కట్టే ఏ వంతెన కాగితమైనా ఏదో ఒకనాడు రైల్వేవారి గడప తొక్కక తప్పదన్నది ఒక సమాధానం. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఆ వంతెన దగ్గర జనం లేవదీసిన ప్రశ్నకు జవాబు ఇక్కడి పార్లమెంటు ఆమోదించిన చట్టాలలోనే ఉన్నది. ఉన్నదల్లా గ్రంథస్థమై ఉన్నది.

పరేలు, ప్రభాదేవి స్టేషన్ల నడుమ పట్టాలు దాటించే ఎల్ఫిన్‌స్టన్ వంతెన 1913 నాటిది. అది బట్టల మిల్లుల పేట. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు సమ్మె కట్టినది ఆ మిల్లులలోనే. తెలంగాణ జిల్లాలలో మగ్గం వదిలి బొంబాయి మిల్లులలో చేరిన పద్మశాలి కుటుంబాలకు ఆ ప్రాంతం పరాయిది కాదు. మిల్లులు పోయినవి, వాటి స్థలాలలో అద్దాల మేడలు లేచినవి. వంతెన మిగిలినది. పడమటివైపు రోగిని కె.ఇ.ఎం. ఆసుపత్రికో, టాటా క్యాన్సర్ ఆసుపత్రికో చేర్చాలంటే అదే దగ్గర దారి. ఆ పక్కనే ఉన్న కాలినడక వంతెన మీద 2017 సెప్టెంబరు 29న తొక్కిసలాట జరిగి 23 మంది చనిపోయారు. ఆ తర్వాత అక్కడ కొత్త నడక వంతెన కట్టడానికి సైన్యం రావలసి వచ్చింది. సరిహద్దు నదుల మీద వంతెనలు వేసే దళాలకు ఒక మహానగరం నడిబొడ్డున పని పడిందంటే మన పురపాలన గురించి వేరే చెప్పనక్కరలేదు.

కనుక పాతబడిన వంతెనను తీసి కొత్తది కట్టరాదని ఎవరూ అనలేదు. తగవంతా కొత్త వంతెన ఎవరికోసమన్న దాని మీద వచ్చింది. 2024 జనవరిలో ప్రారంభమైన అటల్ సేతువు మీదుగా శివడీ చేరిన వాహనాలను వర్లీ తీరానికి అందించడానికి నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తు రహదారి తలపెట్టారు. అది పోయేది ఈ వంతెన ఉన్న చోటనే. అందుకే కొత్త వంతెనకు రెండు అంతస్తులు: కింద పేటవారి రాకపోకలు, పైన సేతువు వాహనాలు. ఆ పై అంతస్తు కోసం గీసిన గీత 19 నివాస భవనాలను తాకింది.

2025 ఏప్రిల్ 25 రాత్రి వంతెన మూయబోగా నివాసులు దారికి అడ్డం నిలిచారు. తమ ఇళ్ళ సంగతి కాగితం మీద తేల్చి, పునరావాసం ఆ చుట్టుపక్కలే చూపించి, ఆ తర్వాత వంతెన మూయమన్నారు. మూసివేత ఆగింది. అధికారులు మళ్ళీ నకలు ముందు వేసుకున్నారు. గీత మారింది. కూల్చవలసిన భవనాలు 19 నుంచి 2కు తగ్గినవి. ఆ రెండింటివారికి దగ్గరలోనే ఇళ్ళు ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకున్నది. మిగిలిన 17 భవనాలవారికి తమ పాత కట్టడాల పునర్నిర్మాణం మీద హామీ కావలసి వచ్చింది. వారి అనుమానాలు అంత తేలికగా తీరలేదు. చివరకు 2025 సెప్టెంబరు 12న వంతెన మూతపడింది.

ఇందులో నన్ను ఆశ్చర్యపరచినది జనం పట్టుదల కాదు, గీత మారడమే. ఏప్రిల్ తర్వాత సాధ్యమైన మార్పు అంతకు ముందు ఎందుకు సాధ్యం కాలేదు? ఇంజనీర్ల శాస్త్రం ఆ కొన్ని నెలలలో మారిందని ఎవరూ అనరు. 17 భవనాలను తప్పించవచ్చునని చెప్పించడానికి వందలాది సంసారాలు వీధిన పడి నిలబడవలసిన అగత్యం ఏమున్నది?

2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావం ముందుగా అంచనా వేయాలన్నది, ఆ ప్రాంతంలో బహిరంగ విచారణ జరపాలన్నది. నగరాలలో మూడేళ్ళకు పైగా నివసిస్తున్న కుటుంబాన్ని, భూమి సొంతం కాకపోయినా, బాధిత కుటుంబంగానే లెక్కించింది. తరతరాలుగా పగిడీ అద్దెలలో కాపురముంటున్న బొంబాయి వాసికి ఇది చిన్న మాట కాదు. అంతకు రెండు దశాబ్దాల ముందే 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల పట్టణాలలో వార్డు సంఘాలు ఉండాలన్నది. ఉద్దేశం మంచిదే. కాని ఈ వంతెన తగవు ముదిరిన నాటికి బొంబాయిలో ఎన్నికైన నగరపాలక మండలే లేదు. 2022 మార్చిలో గడువు తీరిన మండలికి 2026 జనవరిలో గాని ఎన్నికలు జరగలేదు. దేశంలో అన్నిటికంటె సంపన్నమైన నగరపాలక సంస్థను దాదాపు నాలుగేళ్ళు అధికారులే నడిపారు. పేటవారు తమ కార్పొరేటరు ఇంటి తలుపు తట్టాలన్నా, తట్టడానికి తలుపే లేదు. ఇక రహదారి కట్టే ప్రాంతీయాభివృద్ధి సంస్థ ఎన్నికలకు నిలబడేది కాదు.

నగరానికి పెద్ద రహదారులు అక్కరలేదని నేననను. పని ఆగిన ప్రతి నెలా ఖర్చు పెరుగుతుంది. దాదరు తిలక్ వంతెన మీద, కర్రీ రోడ్డు దగ్గర చుట్టు తిరిగే అంబులెన్సు కష్టం కూడా కష్టమే. అయితే ఆ నెలలు పోయినది పేటవారు అడిగినందువల్లనా, వారిని ముందుగా అడగనందువల్లనా అన్న లెక్క ఏ కార్యాలయమూ వేయదు.

మా మిత్రుడు, పదవీ విరమణ చేసిన రైల్వే ఇంజనీరు ఒకరు, ఈ మాటే నేనంటే నవ్వారు. "నకలు మీద ఇళ్ళు చిన్న చతురస్రాలుగా కనిపిస్తాయండీ. లోపల ఎవరున్నారో చూపించే గుర్తు మాకు నేర్పలేదు" అన్నారు. కొత్త వంతెన కింది అంతస్తు తెరిచిన నాడు పరేలు నుంచి ప్రభాదేవి దాకా దాని మీద నడవాలని ఉన్నది. ఆయననూ రమ్మన్నాను.