కాపరి మాట: సంతకము ఒకటి, మనసు మరొకటి



చిక్కడపల్లి నుండి నారాయణగూడ దాటి సంఘస్థుల ఇండ్లకు వెళ్ళునప్పుడు కింగ్ కోఠి మాకు కనబడును. నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ నివసించిన చోటది. దానిని చూచినప్పుడెల్లా ఒక ఒప్పందము మాకు జ్ఞాపకము వచ్చును.

1947 నవంబరు 29న భారత ప్రభుత్వమునకు, నిజామునకు మధ్య ఒక సంవత్సరమునకు యథాతథ ఒడంబడిక జరిగెను. సంతకములు కలిసినవి గాని మనసులు కలియలేదు. నిజాం పాకిస్తానుకు 20 కోట్ల రూపాయలు అప్పిచ్చుట ఒడంబడికకు విరుద్ధమని ఢిల్లీ అనెను. సరుకులు రానీయకుండ ఆపుచున్నారని హైదరాబాదు అనెను. కాశిం రజ్వీ ఉపన్యాసములు అగ్నికి ఆజ్యము పోసెను. ఏడాది తీరకముందే, 1948 సెప్టెంబరు 13న సైన్యము కదిలెను; 17న నిజాం లొంగిపోయెను. మాటలాడినది పెద్దలు, ప్రాణములు పోయినది పల్లెలలో. రజాకార్ల చేతులలో కొందరు, తరువాతి ప్రతీకారములో అమాయక ముస్లిములు అనేకులు చనిపోయిరి.

గిబియోనీయులు బూజుపట్టిన రొట్టెలు చూపి, మోసముతో ఒడంబడిక పొందిరి (యెహోషువ 9). అయినను యెహోషువ ప్రమాణము తప్పలేదు. సౌలు దానిని మీరినందున దావీదు దినములలో 3 సంవత్సరములు కరవు కలిగెను.

ప్రియులారా, మన పొలము గట్టు రాజీలు, అప్పు నోట్లు, పెండ్లి మాటలు కూడ ఒడంబడికలే. పెద్దల యెదుట తల ఊపి, ఇంటికి వచ్చి వేరుగా పలుకుచున్నామా? కాపరులమైన మేమును సంఘ కమిటీలో ఒకటి, బయట ఒకటి పలికిన దినములు కలవు. ప్రభువు క్షమించును గాక. తప్పిన మాట ఒకటి జ్ఞాపకము చేసికొని, ఈ వారమే ఆ పొరుగువాని గుమ్మమునకు మనమే ముందు వెళ్ళుదము. ఆమేన్.