ఆగని ప్యాసింజరు

పొగబండి రోజులపై మమకారము నానాటికి పెరుగుచున్నది. 1970లో చిత్తరంజన్ కర్మాగారము బ్రాడ్‌గేజికై నిర్మించిన కడపటి ఆవిరి ఇంజనుకు 'అంతిమ్ సితారా' అని పేరిడిరి. 1995తో ఆ మార్గములపై ఆవిరి ఇంజనుల నిత్యసేవ ముగిసినది. నేడు వస్తుశాలలలో వాటిని చూచి పెద్దలు నిట్టూర్చుట సహజమే.

అయితే పొగ పోయినందున ప్రజకు కలిగిన నష్టము స్వల్పము. అసలు నష్టము ఇటీవలిది. కోవిడ్‌వలన బండ్లు నిలిచిన 2020లోనే, 200 కిలోమీటర్లకు మించి నడచు ప్యాసింజరులను ఎక్స్‌ప్రెస్‌లుగా మార్చుటకు రైల్వేబోర్డు పూనుకొన్నది. మార్గములపై రద్దీ తగ్గి వేగము పెరుగునన్న వాదములో నిజము లేకపోలేదు. కాని ఆ వేగమునకు మూల్యము చెల్లించినవి చిన్న స్టేషనులు. అనేకచోట్ల హాల్టులు పోయినవి. ప్యాసింజరులు తిరిగి కదలినను కనీసచార్జీ 10 రూపాయలనుండి 30కి పెరిగినది.

2024 ఫిబ్రవరిలో ప్యాసింజరులకు పాత చార్జీ మరల వచ్చినది. పోయిన హాల్టులన్నియు రాలేదు. కూరగంపతో సంతకు పోవు స్త్రీకి, పట్నపు కళాశాలకు పోవు పల్లె విద్యార్థికి పాతబండి అనగా ఇంజను కూత కాదు, తమ ఊర ఆగిన బండి. గతముపై గౌరవము నిజమైనచో వస్తుశాలలోని ఇంజనుకు రంగు వేయించుటతో తృప్తిపడరాదు. పల్లె స్టేషనులో బండి ఆగవలెను.