సీజరు తల్లి బతికే ఉంది

మేనకోడలి కాన్పుకని వెళ్లిన ఆసుపత్రిలో గోడ మీద ఓ రంగుల బొమ్మ. 'జూలియస్ సీజర్ ఆపరేషన్‌తో పుట్టాడు, అందుకే సిజేరియన్ అన్నారు' అని దాని కింద రాత. చిన్నప్పుడు మా మాస్టారూ ఇదే చెప్పారు. మాస్టారికి క్షమాపణ ఉంది. తెల్లకోట్లు తిరిగే చోట ఎందుకుండాలి?

సీజరు పుట్టింది క్రీ.పూ. 100లో. తల్లి అరేలియా పోయింది క్రీ.పూ. 54లో, కొడుకు గాల్ యుద్ధాల్లో ఉండగా. కడుపు కోశాక తల్లి దక్కే రోజులా అవి? నిండు గర్భిణి చనిపోతే బిడ్డను బయటికి తీశాకే పూడ్చాలని రోమన్ల పాత చట్టం. అప్పటి కోత ప్రాణం పోయిన తల్లికే. పైగా సీజర్ అన్నది ఇంటిపేరు. క్రీ.పూ. 208లోనే ఆ పేరుతో ప్రేటర్ అనే ఉన్నతాధికారి ఒకడు ఉన్నాడు.

ఆ ఇంటికి పేరెలా వచ్చిందన్నదే అసలు తగవు. కోతకు పుట్టిన పూర్వీకుడి వల్ల అంటాడు రోమన్ రచయిత ప్లినీ. ఏనుగును చంపిన వీరుడి వల్ల అని మరో కథ. ఉత్తర ఆఫ్రికా మూర్ల భాషలో ఏనుగు పేరు అలాగే ఉండేదట. ఒత్తయిన జుట్టును లాటిన్‌లో 'కైసరీస్' అంటారు, దాన్నుంచి వచ్చిందని ఇంకొకరు. నా ఓటు జుట్టుకే. రోమన్ వక్త సిసిరో ఇంటిపేరు శనగల నుంచి పుట్టింది. అలా పేర్లు పెట్టుకున్న జనానికి జుట్టు పేరు ఒక లెక్కా? తమాషా ఏమిటంటే మన సీజరుది బట్టతల. వెనక వెంట్రుకలు ముందుకు దువ్వుకునేవాడు. సెనేట్ ఇచ్చిన గౌరవాలన్నిటిలోకీ ఎప్పుడూ ఆకుల కిరీటం పెట్టుకునే హక్కే అతనికి ముద్దని అతని జీవితం రాసిన సూటోనియస్ అన్నాడు. ఆ జుట్టు పేరే జర్మనీలో కైజర్, రష్యాలో జార్ అయింది. విక్టోరియా రాణి మనకు 'కైసరే హింద్' అయిందీ దానితోనే.

బొమ్మ చూసి నవ్వుకుని వచ్చేద్దామనుకున్నా. పక్క కుర్చీలో పెద్దావిడ ఫోన్లో అడుగుతోంది, "పంతులుగారూ, గురువారం పదకొండు లోపు మంచిదేనా?" నొప్పులింకా రానేలేదు! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి: వంద కాన్పుల్లో పెద్దాపరేషన్లు దేశమంతటా 21.5, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. ప్రాణం నిలిపిన కోతలకు దండం పెడతాను. తెలంగాణ తల్లుల్లో సగానికి పైగా ఆ అవసరం పడిందంటే మాత్రం నమ్మను.

డాక్టరుగారూ, ఆ బొమ్మ తీయించండి. దాని చోట మీ ఆసుపత్రిలో ఈ ఏడాది మామూలు కాన్పులెన్నో, కోతలెన్నో రాయించండి.