బొమ్మల కింద భూమి

బడిలో సైన్స్ ఫెయిర్ అంటే ఇంటిల్లిపాదికీ పరీక్షే. 'మా ఊరు' నమూనా ఎల్లుండికల్లా కావాలంటూ పిల్లాడు చల్లగా చెబుతాడు. నాన్న పరుగున వెళ్లి థర్మకోల్ షీటు, ఆకుపచ్చ స్ప్రే డబ్బా పట్టుకొస్తాడు. రంగు కొట్టిన కాసేపటికే థర్మకోల్ కరిగి గుంటలు పడుతుంది. స్ప్రేలో ఉండే ద్రావకాల పని అది. ఊరు కట్టకముందే కుంగిపోయిందన్నమాట!

ఇలా ఒక దృశ్యాన్ని చిన్న సైజులో కళ్లకు కట్టే నమూనాను డయోరమా అంటారు. 1822లో పారిస్‌లో లూయీ డగేర్ మొదలుపెట్టిన దృశ్య ప్రదర్శన పేరే తర్వాత మ్యూజియాల్లోని నమూనాలకూ స్థిరపడింది. ఇళ్లు, చెట్లు, ఎడ్లబండ్లు శ్రద్ధగా చేసేవాళ్లు కూడా వాటి కింది నేలను మాత్రం ఆకుపచ్చ కాగితంతో సరిపెట్టేస్తారు. చూసేవారి కన్ను ముందు పట్టుకునేది ఆ నేలనే.

నిర్మల్ చెప్పే పాఠం

దీనికి కావలసిన ముడిసరుకు కోసం పెద్ద నగరాలకు పోనక్కర్లేదు. నిర్మల్ బొమ్మల కళాకారులు తేలికైన పొనికి కర్రతో బొమ్మలు చెక్కుతారు. చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్ద వారి చేతిలో అతుకులు కలుపుతుంది, సందులు పూడుస్తుంది. నమూనాలో గుట్టలకూ, చెరువు కట్టకూ ఇదే ముద్ద భేషుగ్గా పనికొస్తుంది. చింతగింజలను వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి ఉడికిస్తే జిగురు తయారు. రంపపు పొట్టు ఏ కోత మిల్లులోనైనా దొరుకుతుంది.

అడుగున అర అంగుళం ప్లైవుడ్ ఉండాలి. పలుచటి అట్ట తడికి వంకరపోతుంది. ప్లైవుడ్‌కైనా రెండు వైపులా రంగు వేసి ఆరబెట్టడం మంచిది. ఎత్తుపల్లాలకు పాత పేపర్లను ఉండలు చుట్టి, పైన మైదా జిగురులో ముంచిన కాగితం ముక్కలు పరచాలి. అవి ఆరాక పొట్టు ముద్దను పలుచగా పూయాలి. ఒకేసారి మందంగా పూస్తే లోపల తడి ఆరక బూజు పడుతుంది.

చెల్క వేరు, రేగడి వేరు

ఇక పైమట్టి. కరీంనగర్ చుట్టుపక్కల ఎర్రచెల్కలు ఎక్కువ. ఆదిలాబాద్ పత్తి చేలది నల్లరేగడి. ఎర్రమట్టితో పని సులువు. రేగడితోనే చిక్కంతా. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. ఎండాకాలపు చేను కావాలంటే ఆ నెర్రెలే అందం. వానాకాలపు చేను కావాలంటే మాత్రం మట్టిని ముద్దచేసి పూయకూడదు. ఫెవికాల్ రాసి, ఎండిన పొడిని పైన చల్లాలి.

ఏ మట్టినైనా ముందు పెనం మీద వేడిచేయాలి. పురుగులు, గడ్డి గింజలు ఉంటే పోతాయి. తర్వాత జల్లెడ పట్టాలి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. నమూనా నూరో వంతు సైజులో ఉందనుకుంటే మూడు మీటర్ల ఇల్లు మూడు సెంటీమీటర్లకు దిగుతుంది. అదే లెక్కన ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు పది సెంటీమీటర్ల రాయవుతుంది! గోదావరి ఇసుకను ఉన్నదున్నట్టు చల్లితే బాట కాస్తా బండలగుట్టలా కనిపిస్తుంది. అందుకే బాటకు పల్చటి గుడ్డలో జల్లించిన మట్టి, పొలానికి టీ వడపోతలో జల్లించినది, వాగు ఒడ్డుకు కాస్త ముతక ఇసుక వాడాలి. చల్లిన మట్టి మీద నీళ్లు కలిపిన ఫెవికాల్‌ను చుక్కలుగా వదలాలి. అందులో ఒక్క బొట్టు సబ్బునీళ్లు కలిపితే జిగురు మట్టిలోకి ఇంకుతుంది. గోదావరిఖని ఓపెన్‌కాస్ట్ గని చేసేవాళ్లు బొగ్గుపొడినీ ఇలాగే అంటించాలి. లేకుంటే ముట్టుకున్న చేతులన్నీ నల్లబడతాయి.

గడ్డికి ఒకే ఆకుపచ్చ పనికిరాదు. రంపపు పొట్టును పోస్టర్ కలర్‌తో రెండు మూడు ఛాయల్లో అద్ది నీడన ఆరబెట్టాలి. పొడవాటి గడ్డికి గోనెసంచి పోగులు బాగుంటాయి. ఆదిలాబాద్ అడవికైతే ఎండిన టేకాకును నలిపి చల్లితే చాలు. చెరువులో నీళ్లు పోయొద్దు. అడుగుకు మధ్యలో ముదురు రంగు, అంచుల్లో మట్టి రంగు వేసి, పైన వార్నిష్ పూతలు ఒక్కొక్కటిగా ఆరనిస్తూ వేస్తే నీళ్లలాగే మెరుస్తుంది.

తాతను అడగండి

ఈ పని కొన్ని ఇళ్లలో మార్కుల కన్నా పెద్దది. మానేరు మీద కట్టిన జలాశయాల కింద ఎన్నో ఊళ్లు మునిగాయి. మిడ్ మానేరు ముంపులో చింతల్‌ఠాణా, వరదవెల్లి లాంటి ఊళ్లవాళ్లు ఇల్లూవాకిలీ వదిలి వచ్చారు. అలాంటి ఇంట్లో పిల్లాడు 'మా ఊరు' చేయాలంటే చూసి రావడానికి పాత ఊరు లేదు. బావి ఎక్కడుండేదో, బాట ఏ మలుపు తిరిగేదో, వాకిలి ముందు మట్టి ఎర్రగా ఉండేదో నల్లగా ఉండేదో చెప్పాల్సింది తాతా నాయనమ్మలే. మునగని గట్టు మీది నుంచి గుప్పెడు మట్టి తెచ్చి జల్లించి చల్లితే ఆ నమూనాకు అంతకన్నా మంచి నేల ఉండదు.

సైన్స్ ఫెయిర్ అయిపోయాక చాలా నమూనాలు అటకెక్కుతాయి. ఇది మాత్రం తాత మంచం పక్కనే ఉంటుంది.